అమ్మ మోకాళ్ళు ఒప్పుకున్న సముద్రం

 

ఈ శీర్షికలో నేను మామూలుగా వంటింటి కబుర్లు, పొదుపు కబుర్లు రాస్తుంటాను కదా. ఈ వారం మిమ్మల్ని కాస్త దూరం తీసుకెడతాను. స్పెయిన్ దాకా! "ఇదేమిటి, ఈవిడ రాజమండ్రి దాటి ఎప్పుడు వెళ్ళింది?" అనుకుంటున్నారా? వెళ్ళానండీ. 2025 జూన్‌లో, డెబ్భై రెండేళ్ళ మా అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి వచ్చాను. అయితే నేను చెప్పబోయేది విమానం కబుర్లు కాదు. అంత పెద్ద దేశంలో, అన్ని సముద్రపు ఊళ్ళలో, మనకి తగిన ఊరు ఏదో ఎలా తేల్చుకోవాలన్నది. ఇవాళ మనలో ఎంతోమంది పిల్లలు, తోబుట్టువులు ఇంగ్లండులోనో జర్మనీలోనో ఉంటున్నారు. "అమ్మా, ఈసారి స్పెయిన్‌లో కలుద్దాం" అని రేపు మీకూ ఫోన్ రావచ్చు.

మాకు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా చెల్లెలు పన్నెండేళ్ళుగా ఐర్లండులో ఉంటోంది. 2021 మే నెలలో, కరోనా రెండోసారి విజృంభించినప్పుడు మా నాన్నగారు పోయారు. చెల్లి రాలేకపోయింది. అన్నీ ఫోన్‌లోనే చూసింది. మరుసటేడు సంవత్సరీకానికి వచ్చింది కానీ, ఉన్న పది రోజులూ వచ్చేపోయే చుట్టాలకి కాఫీలు ఇవ్వడంతోనే సరిపోయింది. అమ్మా, అదీ పక్కపక్కన కూర్చుని మనసు విప్పి పది మాటలు మాట్లాడుకోలేదు. పోనీ అమ్మని అక్కడికి పంపుదామంటే అమ్మకి ఆయాసం, చలి పడదు. చెల్లికి దొరికిన సెలవు తొమ్మిది రోజులు. ఐర్లండు వాళ్ళందరూ ఎండ కోసం స్పెయిన్ పోతారట, డబ్లిన్ నుంచి మూడు గంటల ప్రయాణమట. "అక్కా, అమ్మని తీసుకుని నువ్వు అక్కడికి వచ్చెయ్" అంది.

నా చీటీ డబ్బులు అప్పుడే చేతికొచ్చాయి. "స్పెయినా? మన గోదావరి గట్టు చాలదా?" అని మావారు నవ్వారు గానీ, మర్నాడు ఆయనే మా అబ్బాయి పాత అట్లాసు తెచ్చి నా ముందు పెట్టారు.

పేర్లు చూసి మోసపోకండి

స్పెయిన్ సముద్రతీరాన్ని ముక్కలు ముక్కలుగా చేసి ఒక్కోదానికి ఒక్కో ముద్దు పేరు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో 'కోస్టా' అంటే తీరం. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి కిందికి దిగుతూ వస్తే మొదట కోస్టా బ్రావా. బ్రావా అంటే మొరటుది అని అర్థం. కొండరాళ్ళు, వాటి మధ్య చిన్న చిన్న ఇసుక తిన్నెలు. చూడటానికి కళ్ళు చాలవు కానీ చాలా చోట్ల ఎక్కి దిగాలి. బార్సిలోనా దాటాక కోస్టా డొరాడా, అంటే బంగారు తీరం. అక్కడి సలోవ్ అనే ఊళ్ళో సముద్రం లోతు తక్కువ, పక్కనే 1995లో పెట్టిన పోర్ట్ అవెంచురా అనే పెద్ద ఆటల పార్కు ఉంది. చిన్నపిల్లలున్న వాళ్ళకి బాగుంటుంది. ఇంకా కిందికి వస్తే కోస్టా బ్లాంకా, తెల్ల తీరం. బెనిడార్మ్ ఉన్నది అక్కడే. దక్షిణాన మాలగా నగరానికి అటూ ఇటూ కోస్టా దెల్ సోల్, అంటే సూర్యుడి తీరం. జిబ్రాల్టర్ దాటి అట్లాంటిక్ వైపు వెడితే కోస్టా దె లా లూస్, వెలుగు తీరం. ఇసుక తిన్నెలు విశాలంగా ఉంటాయి గానీ గాలి ఎక్కువ. తరీఫా అనే ఊరికి ఆ గాలి కోసమే తెరచాపల ఆటగాళ్ళు వెడతారు. అమ్మలాంటి వాళ్ళకి ఇసుక కళ్ళలో పడటం తప్ప ఏం మిగులుతుంది చెప్పండి.

ఇక మా ఇంట్లో తగవు మొదలైంది. చెల్లెలి కొడుక్కి ఎనిమిదేళ్ళు. వాడు "పెద్దమ్మా, సలోవ్!" అంటాడు. మా మరిదిగారు బార్సిలోనా దగ్గర ఉందామంటారు. చెల్లి ఏమో నెర్హా అనే ఊరి ఫొటోలు పంపింది. అబ్బ, ఏం ఫొటోలండీ! తెల్లటి ఇళ్ళు, గుమ్మానికి కాగితం పూల తీగలు, సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన 'యూరప్ బాల్కనీ' అనే తిన్నె. నేను కూడా "ఇదే, ఇదే" అన్నాను.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది. "మెట్లు ఎన్నున్నాయే?"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మనం ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకోం కదా. ఇంటికి వెళ్ళి, మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో కూడా చూసి వస్తాం. ఊరికీ అంతే. అప్పటి నుంచి నేను ఫొటోలు చూడటం మానేసి దారులు చూడటం మొదలుపెట్టాను.

గది నుంచి నీటి దాకా

ఫోన్‌లో వీధిని వీధిలా చూపించే మ్యాప్ ఉంటుంది కదా, మా అబ్బాయి చేత అది పెట్టించుకుని నెర్హా వీధుల్లో వేలితో నడిచాను. ఊరు ఎత్తు మీద ఉంది. సముద్రానికి దిగాలంటే ఏటవాలు రోడ్లు, మెట్లు. బుర్రియానా అనే పెద్ద బీచ్‌కి దిగే దారి మరీ వాలు. దిగడం సరే, ఎండలో మళ్ళీ ఎక్కేదెవరు? పైగా నెర్హాకి రైలు లేదు, మాలగా నుంచి బస్సే. మోకాళ్ళు బాగున్న వాళ్ళు తప్పక వెళ్ళండి. 1959లో బయటపడిన పెద్ద గుహలు కూడా ఉన్నాయి అక్కడ. మాకు మాత్రం కుదరదని వదిలేశాం.

తర్వాత ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసేశాం. ఊరు బెనల్మాదెనా. అద్దె తక్కువ, బొమ్మల్లో బాల్కనీ లోంచి సముద్రం కనబడుతోంది. అడ్వాన్సు కట్టే ముందురోజు రాత్రి నాకు నిద్ర పట్టక మళ్ళీ మ్యాప్ తీశాను. తీరా చూస్తే ఆ ఊరు మూడు అంతస్తుల్లా ఉంది. కొండ మీద పాత పల్లె, మధ్యలో రైలు స్టేషను ఉన్న పేట, కింద సముద్రం ఒడ్డు. మూడింటికీ పేరు బెనల్మాదెనానే! మేం చూసిన ఇల్లు పై పల్లెలో ఉంది. బాల్కనీ లోంచి సముద్రం కనబడేది నిజమే, కొండ మీద నుంచి కనబడక ఏం చేస్తుంది? ఇల్లు చూపించినాయన అబద్ధమేమీ ఆడలేదు. మేమే అడగలేదు. తిరుమల కొండ మీద నుంచి కింద తిరుపతి దీపాలు కనబడతాయి, అంతమాత్రాన తిరుపతిలో ఉన్నట్టా?

అందుకని 'సముద్రానికి 300 మీటర్లు' అని ఉంటే సంతోషించేయకండి. ఆ 300 మీటర్లు చదునా, ఏటవాలా, మెట్లా, మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా అని అడగండి. టోర్రెమొలినోస్ అనే ఊరు కూడా ఇలాంటిదే. బజారు గట్టు మీద, బీచ్ గట్టు కింద. అయితే ఆ ఊళ్ళోనే లా కరిహువేలా అనే పాత బెస్తవాళ్ళ పేట చదునుగా ఉంటుంది. అంటే ఊరి పేరు తెలిస్తే చాలదు, పేట పేరు కూడా తెలియాలి.

బెనిడార్మ్‌ని కూడా చూశాం. ఒకప్పుడు జాలర్ల పల్లె, ఇప్పుడు ఆకాశాన్నంటే మేడలు. రెండు పెద్ద బీచ్‌లు, చదునైన దారి, చవక హోటళ్ళు. పేరు చెబితే కొందరు ముక్కు విరుస్తారు గానీ, పెద్దవాళ్ళకి ఎంతో అనుకూలమైన ఊరు. లెవాంతే బీచ్ వైపు కొన్ని వీధుల్లో రాత్రంతా పాటలు, తాగుళ్ళు ఉంటాయట, పోనియెంతే వైపు నెమ్మది. మాకు దొరికిన ఇల్లు ఇరవై రెండో అంతస్తు. "కరెంటు పోతేనో?" అంది అమ్మ. అక్కడ పోదమ్మా అన్నా వినలేదు. దాంతో అదీ పోయింది.

చివరికి కుదిరిన ఊరు ఫ్వెన్‌హిరోలా. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'ఫ్యూయెంగిరోలా' అని చదువుతాం, అక్కడ అలా అంటే ఎవరికీ అర్థం కాలేదు! ఇది కూడా సూర్యుడి తీరంలోనే, మాలగాకి పడమటి వైపు. పోస్టుకార్డు అందం లేదండీ, ఉన్నమాట చెబుతున్నాను. వరసగా మేడలు, ఇసుక కూడా బంగారంలా కాక కాస్త బూడిదరంగు. కానీ ఒడ్డు వెంబడి సుమారు ఏడు కిలోమీటర్ల నడక దారి చదునుగా ఉంది. దారి పొడుగునా బెంచీలు. మాలగా విమానాశ్రయం నుంచి రైలు నేరుగా ఊళ్ళోకి వస్తుంది, సుమారు ఇరవై నిమిషాలకొకటి. దిగాక సముద్రానికి నాలుగడుగులు. మేం దిగింది లోస్ బోలిచెస్ అనే పేటలో, అది ఆ రైలుకి ఆఖరి స్టేషనుకి ముందుది. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది, చిన్న వంటగది ఉంది. ఇంటి గుమ్మం నుంచి బెంచీకి అమ్మ అడుగులు నేను లెక్కపెట్టాను, నూట తొంభై.

ఏ నెలలో వెళ్ళాలి?

ఊరెంత ముఖ్యమో నెల అంత ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో ఎండ ముప్ఫై డిగ్రీల పైన. మన రోహిణి కార్తె ముందు అదొక ఎండా అనుకుంటాం గానీ, జనం కిటకిటలాడుతుంటారు. ఆగస్టులో స్పెయిన్ వాళ్ళకే సెలవులు. మేం జూన్ మొదటి వారంలో ఇంటికి తొమ్మిది వందల యూరోలు ఇచ్చాం. అదే ఇల్లు ఆగస్టులో దాదాపు రెట్టింపు చెప్పారు. యూరో అంటే సుమారు వంద రూపాయలనుకుని లెక్క వేసుకోండి.

సెప్టెంబరు కూడా మంచిదే, నీళ్ళు వెచ్చగా ఉంటాయి. అయితే ఆ చివర నుంచి తూర్పు తీరంలో ఒక్కోసారి కుండపోత వానలు పడతాయి. 2024 అక్టోబరు 29న వాలెన్సియా ప్రాంతంలో వచ్చిన వరదలకి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ నెలల్లో వెళ్ళేవాళ్ళు వాతావరణ హెచ్చరికలు తప్పక చూసుకోవాలి.

ఇంకో సంగతి. ఎండ ఉంది కదా అని నీళ్ళు వెచ్చగా ఉంటాయనుకోకండి. సూర్యుడి తీరానికి అట్లాంటిక్ నీళ్ళు దగ్గర కాబట్టి జూన్‌లో చల్లగానే ఉంటాయి. వెచ్చటి నీళ్ళు కావాలంటే ఆగస్టులో తెల్ల తీరం వైపు వెళ్ళాలి. అలలు మాత్రం మన విశాఖ రామకృష్ణా బీచ్‌లా మీద పడవు. అయినా జెండా చూసుకోవాలి. పచ్చ జెండా అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగకూడదు. నడవలేని వాళ్ళ కోసం చాలా ఊళ్ళ బీచ్‌లలో వేసవిలో ఇసుక మీద చెక్క బాటలు వేస్తారు, కొన్ని చోట్ల నీళ్ళలోకి తీసుకెళ్ళే చక్రాల కుర్చీలు కూడా ఉంటాయి. ముందే కనుక్కోండి.

వంటిల్లు ఉన్న ఇల్లే ఎందుకు?

మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడ భోజనం మధ్యాహ్నం రెండు దాటాక, రాత్రి తొమ్మిది దాటాక. మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు అంతసేపు ఆగలేరు. అందుకే హోటలు వద్దని ఇల్లు తీసుకున్నాం. ఇల్లు తీసుకునేటప్పుడు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. సందర్శకుల ఇళ్ళ వల్ల స్థానికులకి అద్దెలు పెరిగిపోయాయని అక్కడ పెద్ద ఊరేగింపులే జరిగాయి, నిబంధనలు బిగించారు.

బయట తినేటప్పుడు జాగ్రత్త. 'సాండ్‌విచ్ వెహెతాల్' అని ఉంటే పేరు చూసి శాకాహారం అనుకుంటాం. విప్పి చూస్తే ట్యూనా చేప, గుడ్డు! "మాంసం వద్దు" అంటే పంది మాంసం, చేప రెండూ వేరే లెక్క అనుకునేవాళ్ళు ఉన్నారు. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి. 'సిన్' అంటే లేకుండా. చెల్లి ఇది కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే నేను పర్సులో పెట్టుకున్నాను. వేపుళ్ళు కూడా చేపలు వేయించిన నూనెలోనే వేయించవచ్చు, అడిగి తెలుసుకోవాలి.

సూపర్ బజార్లలో బియ్యం, మైసూరు పప్పు జాతి పప్పులు, పెద్ద శనగలు, పెరుగు, టమాటాలు, వంకాయలు అన్నీ దొరుకుతాయి. కందిపప్పు దొరకడం కష్టం. నేను ఇక్కడి నుంచి చారు పొడి, కందిపొడి, ఇంగువ, ఒక చిన్న కుక్కరు తీసుకెళ్ళాను. పాలు, నెయ్యి, పెరుగు లాంటివి మాత్రం మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్ళనివ్వరు, గుర్తుంచుకోండి. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, చిన్న దుకాణాలు మధ్యాహ్నం కూడా మూసేస్తారు. శనివారమే సామాను తెచ్చుకోండి.

కాగితాల సంగతి

గృహిణి అంటే వీసా ఇవ్వరేమోనని నాకు భయంగా ఉండేది. ఉద్యోగం అనే చోట 'గృహిణి' అనే రాశాను. మావారి జీతం కాగితాలు, బ్యాంకు లెక్కలు, ఆదాయపు పన్ను కాగితాలు, ఖర్చు ఆయన పెట్టుకుంటారని ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్టు జత చేశాం. అమ్మకి చెల్లి పిలుపు ఉత్తరం, అమ్మ పెన్షను పుస్తకం పెట్టాం. దీన్ని షెంగెన్ వీసా అంటారు. పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు, సర్వీసు ఖర్చు వేరే. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, ఆఖరి నిమిషం దాకా ఆగకండి. ఐర్లండు, ఇంగ్లండు ఈ షెంగెన్ ఏర్పాటులో లేవు. అక్కడుండే మీ పిల్లలది భారత పాస్‌పోర్టు అయితే వాళ్ళకీ ఈ వీసా కావాలి. మా చెల్లికి ఐర్లండు పాస్‌పోర్టు ఉంది కాబట్టి ఆ బాధ లేకపోయింది. వీసా చేతికొచ్చే దాకా ఇల్లు, టిక్కెట్టు డబ్బు తిరిగొచ్చే పద్ధతిలోనే తీసుకోండి.

అమ్మ మందులు డాక్టరుగారి చీటీతో సహా చేతిసంచిలో పెట్టాను. టిక్కెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పాం, దానికి డబ్బు తీసుకోలేదు. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా మాడ్రిడ్, అక్కడి నుంచి వేగం రైలులో మూడు గంటల లోపే మాలగా.

నూట తొంభై అడుగులు

మొదటిరోజు సాయంత్రం అమ్మ దీపం పెడదామని కూర్చుంది. ఏడయింది, ఎనిమిదయింది, సూర్యుడు పోడే! జూన్‌లో అక్కడ పొద్దుగుంకేది రాత్రి తొమ్మిదిన్నర దాటాక. "ఈ దేశంలో సంధ్యవేళ ఎప్పుడొస్తుందే?" అని అమ్మ విసుక్కుంటే అందరం నవ్వాం.

బీచ్‌లో ఆడవాళ్ళు బట్టలు బాగా తక్కువ వేసుకుంటారు, కొందరు పైన అదీ వేసుకోరు. ముందే చెప్పాను గానీ అమ్మ రెండు రోజులు తల తిప్పుకునే కూర్చుంది. మూడోరోజు పక్క బెంచీ మీది ముసలావిడ, అమ్మ ఈడుదే, అమ్మ నేతచీర అంచు పట్టుకుని చూసి ఏదో అంది. భాష రాదు, అయినా మెచ్చుకుంటోందని తెలిసిపోయింది. ఆ తర్వాత అమ్మ బెరుకు పోయింది. నాలుగోరోజు నేనూ చెల్లీ చెరో చెయ్యీ పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టాం. "అమ్మో, ఐసు నీళ్ళే!" అని చిన్నపిల్లలా అరిచింది. "పెళ్ళయిన కొత్తలో మీ నాన్న కాకినాడ తీసుకెళ్ళి, చీర తడుస్తుందని దిగనివ్వలేదు" అంది.

అసలు సంగతి ఆ రాత్రి జరిగింది. భోజనాలయ్యాక అమ్మ తనంతట తనే "గాలికి కూర్చుందాం" అని లేచింది. మెట్లు లేవు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు, కారు అక్కర్లేదు. ముగ్గురం అదే బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి చెల్లి అడిగింది. నాలుగేళ్ళుగా ఫోన్‌లో అడగలేకపోయిన మాట. "అమ్మా, నాన్న చివర్లో నా గురించి ఏమైనా అడిగారా?"

అమ్మ వెంటనే చెప్పలేదు. తర్వాత అంది, "అడిగారే. ఆసుపత్రికి వెళ్ళే ముందు, 'దాన్ని రమ్మనకండి, దారిలో చిక్కుపడిపోతుంది, పసివాడు ఉన్నాడు' అన్నారు. నువ్వు రాలేదని కాదు, రావద్దని ఆయనే అన్నారు. ఈ మాట నీకు చెప్పాలని సంవత్సరీకంలో చూశాను, నువ్వు ఒక్కదానివి దొరికితేగా."

చెల్లి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పన్నెండు గంటలకి కూడా ఆ దారిలో పిల్లల్ని తోపుడు బళ్ళలో వేసుకుని జనం నడుస్తూనే ఉన్నారు. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు.

ఆ కొండ మీది ఇల్లే తీసుకుని ఉంటే అమ్మ తొమ్మిది రోజులూ బాల్కనీలో కూర్చుని దూరం నుంచి సముద్రం చూసేది. మేం అమ్మకి కాపలాగా వంతులు వేసుకుని ఊరు తిరిగేవాళ్ళం. ఫొటోలు ఇంకా బాగా వచ్చేవేమో! అందుకే నా మాట ఒకటే. ఊరు ఎంచుకునేటప్పుడు మీలో అందరికంటే ఓపిక తక్కువ ఎవరికో చూసుకుని, వాళ్ళ కాళ్ళతో ఆ ఊరు నడిచి చూడండి. ఓపిక ఉన్నవాళ్ళు అక్కడి నుంచి ఎక్కడికైనా పోవచ్చు. మా వాళ్ళూ వెళ్ళారు. పిల్లవాడిని మాలగా తీసుకెళ్ళి పికాసో పుట్టిన ఇల్లు చూపించారు, బస్సులో మిహాస్ అనే తెల్ల పల్లెకి వెళ్ళారు. నేను బెనల్మాదెనాలో ఉన్న 33 మీటర్ల బౌద్ధ స్తూపం చూసి వచ్చాను. 2003లో కట్టారట. అమరావతి, నాగార్జునకొండ పుట్టిన నేల మనది కదా, అంత దూరంలో స్తూపం కనబడేసరికి చుట్టాలింటికి వెళ్ళినట్టనిపించింది.

డబ్బు కట్టే ముందు ఇవి అడిగి, కాగితం మీద రాసుకోండి:

గది నుంచి నీటి దాకా దారి చదునేనా? మెట్లు ఎన్ని?
ఊరి పేరు సరే, పేట ఏది? రాత్రిళ్ళు నెమ్మదిగా ఉంటుందా?
విమానాశ్రయం నుంచి రైలు ఉందా, బస్సా, టాక్సీయే గతా?
లిఫ్టు ఉందా? లిఫ్టుకి ముందు మెట్లు ఉన్నాయా?
వంటగది, కుక్కరు పట్టే పొయ్యి ఉన్నాయా?
ఆ నెలలో ఎండ, నీటి చల్లదనం, వాన ఎలా ఉంటాయి?
వీసా రాకపోతే డబ్బు తిరిగొస్తుందా?

వట్టి చేతులతో పంపడం నాకు అలవాటు లేదు కదా. మాలగా వైపు వాళ్ళు చేసుకునే తేనె వంకాయ వేపుడు మీకోసం. తేనె అంటారు గానీ వాళ్ళు పోసేది చెరకు పాకం. మన బెల్లానికి అక్కగారే.

తేనె వంకాయ వేపుడు: లావుపాటి నల్ల వంకాయలు రెండు తీసుకుని పల్చటి చక్రాలుగా తరగండి. చిటికెడు ఉప్పు వేసిన పాలలో అరగంట నానబెట్టండి, కనరు పోతుంది. తీసి బట్టతో తడి అద్ది, మూడు చెంచాల మైదాలో ఒక చెంచా బియ్యప్పిండి కలిపి ఆ పొడి పిండిలో దొర్లించండి. అదనపు పిండి దులిపి, బాగా కాగిన నూనెలో ఎర్రగా వేయించండి. పావు కప్పు బెల్లంలో రెండు చెంచాల నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, తేనెలా జారేదాకా మరిగించి దింపండి. వడ్డించే ముందు మాత్రమే పైన సన్నటి ధారగా పోయాలి. ముందే పోస్తే మెత్తబడిపోతాయి. మావారు "వంకాయకి బెల్లమా?" అని ముఖం చిట్లించి, ప్లేటు ఖాళీ చేశారు.

మీరు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళి ఉంటే, దేశంలో అయినా విదేశంలో అయినా, ఏ ఊరు అనుకూలంగా ఉందో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో నాకు రాయండి. పదిమందికి పనికొస్తుంది. అమ్మ తన చేతికర్ర ఇసుకలో గుచ్చి తీయించుకున్న ఫొటో మా హాలులో నాన్నగారి ఫొటో పక్కన పెట్టాం. వచ్చేవారం మళ్ళీ మన వంటింట్లోనే కలుద్దాం.